మూడో గడి

ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. పైడితల్లి క్యారియర్ మూత తీసి, చారన్నం ఎదురుగా పెట్టుకుని, ఫోన్ వంక చూస్తూ కూర్చుంది. అది మోగలేదు.

మోగితే ఎత్తి మాట్లాడదామని కాదు. ఆమె భీమిలి కొండ మీదున్న ఓ ప్రయోగశాలలో రికార్డుల గుమాస్తా. అన్న సన్యాసిరావు పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యి, కంచరపాలెంలో ఒక్కడూ ఉంటున్నాడు. అతనికి భార్య పోయింది, ఈమెకి అసలు పెళ్ళే కాలేదు. మధ్యలో రెండు బస్సుల దూరం. పదకొండేళ్ళుగా రోజూ ఒంటిగంటకి అతను చెల్లెలికి ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. చెల్లెలు తిరిగి ఒకటి ఇస్తుంది. ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే అంతా బాగున్నట్టు, ఎత్తితే ఏదో కొంప మునిగినట్టు. అన్నం తిన్నావా అని కూడా అడగకుండా ఆ ఇద్దరూ ఇన్నేళ్ళు ఒకరినొకరు కనిపెట్టుకుని బతికారు. లోకంలో ఇంతకంటే పొదుపైన ప్రేమ ఎక్కడైనా ఉంటే నాకు తెలియదు.

ఆ మంగళవారం మాత్రం ఫోన్ మోగలేదు. 'అన్నయ్యకి ఏదో అయ్యింది' అనుకుంది పైడితల్లి. పైకి అనలేదు, లోపలే అనుకుంది. వెంటనే కుడిచెవి వెనక అంటించుకున్న చింతగింజంత యంత్రం కాస్త వెచ్చబడింది.

"ఏదో అయ్యిందనడానికి ఆధారం ఏముంది?" అని అడిగింది అది. ఆ గొంతు ఆడదీ కాదు, మగదీ కాదు. కడుపునిండా తిని పడక్కుర్చీలో వాలినవాళ్ళ గొంతులా ఉంటుంది. "గడిచిన ఎనిమిది నెలల్లో ఈ కాల్ పద్నాలుగుసార్లు రాలేదు. పద్నాలుగుసార్లూ ఆయన క్షేమంగానే ఉన్నారు. ఆరుసార్లు ఫోన్‌లో ఛార్జింగ్ లేదు. ఎనిమిదిసార్లు క్యారమ్స్ ఆడుతూ మర్చిపోయారు. మరి ఈ ఆలోచనని ఇంకోలా చెప్పుకోవచ్చా?"

'క్యారమ్స్ దగ్గర ఉండుంటాడు' అని చెప్పుకుంది పైడితల్లి. గుండెల మీద నుంచి ఎవరో చెయ్యి తీసినట్టయింది. ఆనవాయితీ ప్రకారం తన మిస్డ్ కాల్ తను ఇచ్చింది. అవతల పూర్తిగా మోగి ఆగిపోయింది. ఎవరూ ఎత్తలేదు. ఎలాగూ ఎత్తరు. ఆమె చారన్నం కలుపుకుని తింది.

ఆ చింతగింజ పేరు తోడుమాట. మనిషి మాటలతో ఆలోచించేటప్పుడు, నోరు తెరవకపోయినా, గొంతులోని సన్నటి కండరాలు కదులుతాయి. ఆ కదలికని యంత్రం చదువుతుంది. దిగులుమాట కనబడితే చాలు, చెవి వెనక ఎముక గుండా ఎదురు ప్రశ్న వేస్తుంది. కనిపెట్టినాయన డాక్టర్ వరాహమూర్తి, ఆ ప్రయోగశాలకి పెద్ద. దిగులు మనుషులకి తమ ఆలోచనని తామే నిలదీసుకోవడం నేర్పాలని ఆయన తపన. అందుకోసం ముందు నోటుపుస్తకాలు పంచారు. భీమిలి చుట్టుపక్కల నాలుగువందల పన్నెండుమంది ఆరేసి నెలల పాటు వాటిల్లో రాశారు. ప్రతి పేజీకి మూడు గడులు. మొదటి గడిలో జరిగింది, రెండో గడిలో తమకి అనిపించింది, మూడో గడిలో దానికి ఎదురు సాక్ష్యం. స్కేలు పెట్టి ఆ గడులు గీసింది పైడితల్లి. నిండిన పుస్తకాలు సరిచూసి యంత్రానికి పాఠంగా ఎక్కించిందీ ఆమే. ఆ పాఠాలు చదువుకునే తోడుమాట మాట్లాడటం నేర్చింది.

తయారైన యంత్రాన్ని ముందుగా పెట్టుకున్నవాళ్ళలో ఆమె ఒకతె. ఆమెకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? బస్టాపు దాకా వెళ్ళి, గ్యాస్ కట్టేశానో లేదోనని వెనక్కి నడిచే మనిషి. పక్కింటావిడ ఒకపూట పలకరించకపోతే, నేనేమన్నానో అని రెండురోజులు నెమరేసుకునే మనిషి. దిగులు తప్ప ఆమె ఇంటికి వచ్చిపోయే చుట్టాలు లేరు. తోడుమాట వచ్చాక ఎనిమిది నెలలు ఆమె హాయిగా నిద్రపోయింది. ఇందులో దాచేదేమీ లేదు, యంత్రం మంచిదే.

బుధవారం కూడా ఫోన్ మోగలేదు. తన మిస్డ్ కాల్ మాత్రం తను ఇచ్చింది. తోడుమాట లెక్క చెప్పింది. వరసగా రెండురోజులు కాల్ రాకపోవడం ఇంతకుముందు రెండుసార్లు జరిగిందట. రెండుసార్లూ ఆయన క్షేమమేనట. సాయంత్రం బస్సెక్కి ఒకసారి చూసొద్దామా అని ఆమెకి తోచింది. ఊరికే భయపడి పరుగెత్తడం పాత అలవాటేనా అని యంత్రం మెత్తగా అడిగింది. అవును, పాత అలవాటే. ఆమె ఇంటికెళ్ళి బట్టలు ఆరేసుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. మోగి, ఆగకుండా మోగుతూనే ఉంది. అన్నతో క్యారమ్స్ ఆడే గురువులు అనే అతను చేస్తున్నాడు.

ఆమె ఆసుపత్రికి చేరేసరికి గురువులు వరండాలో చెప్పులు విడిచి గోడవార నిలబడి ఉన్నాడు. పోర్టులో కళాసీగా మూటలు మోసిన మనిషి, డెబ్భై దాటాయి. జరిగింది అతనే చెప్పాడు.

"రెండ్రోజులు ఆటకి రాలేదమ్మా. మనసాగక వచ్చీసినాను. తలుపు కొడితే లోపల్నుంచి గిన్నె సప్పుడయ్యింది. మాట లేదు, సప్పుడే. తలుపు ఇరగ్గొట్టించీసినాం."

స్నానం చేసి వస్తూ పడిపోయాడట సన్యాసిరావు. మంగళవారం పొద్దున్నే అయ్యుంటుంది, తువ్వాలు ఇంకా నడుముకే ఉంది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎడంచేత్తో నేల పట్టుకుని, ఫోన్ పెట్టిన మంచం వైపు పాక్కుంటూ వచ్చాడు. దారిలో చేతికి అందిన గిన్నెతో నేలమీద కొడుతూ ఉన్నాడు.

"మంచం కోడు దాకా వచ్చీసినాడు. ఇంకో జానెడు," అన్నాడు గురువులు.

అంటే అక్కడ అన్న ఫోన్ మోగింది. మంగళవారం మోగింది, బుధవారం మోగింది. అన్న నేలమీద పడుకుని అది పూర్తిగా మోగి ఆగిపోవడం విన్నాడు. అవతల చెల్లెలు చారన్నం కలుపుకుంది.

మొదటిరోజే తెచ్చుంటే చాలా వరకు కాపాడేవాళ్ళమని డాక్టరు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. 'నా వల్లే' అనుకుంది పైడితల్లి. చెవి వెనక వెచ్చబడింది. పక్షవాతం రక్తనాళాల వల్ల వస్తుందని, చెల్లెళ్ళ వల్ల రాదని తోడుమాట అంది. అదీ నిజమే. ఆ నిజం చల్లగా గొంతులోకి దిగింది, పైకి వస్తున్న ఏడుపు వచ్చిన దారినే వెనక్కి పోయింది. ఆమె ప్రయత్నం చేసి మళ్ళీ అనుకుంది. అది మళ్ళీ ఓదార్చింది. అన్నకోసం కాసేపు ఏడవడానికి కూడా తనకి చోటు లేకుండా పోయిందని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆ వరండాలో నలభైమంది ఉన్నారు. ఆమె మాత్రం అంత ఒంటరిగా ఎన్నడూ లేదు.

యంత్రం ఊడదీసి, ఖాళీ క్యారియర్ అడుగు గిన్నెలో పడేసి మూత పెట్టింది. అప్పుడు ఏడుపు వచ్చింది.

వారం తర్వాత ప్రయోగశాలకి వెళితే వరాహమూర్తి తన గదిలోంచి లేచి వచ్చాడు. మంచి మనిషి, ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడురాత్రులుగా యంత్రం లెక్కలన్నీ తిరగేశానని, ఎక్కడా తప్పు దొరకలేదని చెప్పాడు. అది తను నేర్చుకున్న పాఠాన్నే అప్పజెప్పింది. మూడువందల తొంభైమూడు పుస్తకాల్లోనూ మనుషులు భయపడ్డది చివరికి ఒక్కటీ జరగలేదు. ఆ ముక్క ఆయన సభల్లో కూడా గొప్పగా చెప్పేవాడు.

"పుస్తకాలు నాలుగువందల పన్నెండు కదండీ," అంది పైడితల్లి.

ఆమె కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. రికార్డు గదిలో చివరి బీరువా, కింది అర. అందులో పంతొమ్మిది నోటుపుస్తకాలు దారం కట్టి ఉన్నాయి. ఒక్కో అట్ట మీదా, చివరిపేజీలోనూ ఊదారంగు ముద్ర: అసంపూర్ణం.

నియమం వరాహమూర్తి రాసిందే. మూడు గడులూ నిండితేనే పుస్తకం పూర్తయినట్టు, ఖాళీ ఉంటే పక్కన పెట్టాలి. నియమం అంటే పైడితల్లికి ప్రాణం. మొగుడు వదిలేస్తాడని భయపడిన తగరపువలస కుట్టుపనావిడని మొగుడు నిజంగానే వదిలేశాడు. ఇంక మూడో గడిలో ఆవిడ ఏ ఎదురు సాక్ష్యం రాస్తుంది? ఖాళీగా వదిలేసింది. రొమ్ములో గడ్డ మంచిది కాదేమోనని రాసినావిడకి అది మంచిది కానే కాదని తేలింది. పిల్లలు తనని చూసి నవ్వుతున్నారని రాసిన లెక్కల మాస్టారి విషయంలో, పాపం, పిల్లలు నిజంగానే నవ్వుతున్నారు. భయం నిజమైన ప్రతిచోటా మూడో గడి ఖాళీ. ఖాళీ ఉన్న ప్రతి పుస్తకం మీదా పైడితల్లి శ్రద్ధగా, వంకర లేకుండా, ముద్ర వేసి బీరువాలో పెట్టింది. అలా తోడుమాట చదువుకున్న లోకంలో ఏ మొగుడూ ఎవరినీ వదల్లేదు, ఏ అన్నా స్నానాల గది దగ్గర పడిపోలేదు.

"ఇవి ఎవరు పక్కన పెట్టారు?" అన్నాడు వరాహమూర్తి. అడిగాక, అడగకుండా ఉండాల్సిందనుకున్నాడు.

"నేనేనండి."

వరాహమూర్తి కట్ట దారం విప్పి ఒక్కో పుస్తకం తిరగేశాడు. చివరికి ఆయనే అన్నాడు, ఇవి కూడా ఎక్కిస్తే యంత్రం ప్రతిదానికీ తెలీదు తెలీదు అంటుందని, తెలీదని చెప్పే యంత్రాన్ని ఎవరు చెవికి పెట్టుకుంటారని. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"తెలీదంటే మనిషి లేచి వెళ్ళి చూసుకుంటాడండి," అంది పైడితల్లి. "గురువులు చూసుకున్నట్టు."

యంత్రం విడుదల ఆపేశారు. పైడితల్లి ఐదువారాలు కూర్చుని పంతొమ్మిది పుస్తకాలూ ఒక్కో అక్షరం ఎక్కించింది. ప్రయోగశాలలో పన్నెండుమంది ఉన్నా ఆమెతో ఏం మాట్లాడాలో ఎవరికీ తోచక, ఎవరి క్యారియర్ వాళ్ళు విప్పుకునేవారు. ఒంటిగంటకి ఆమె ఫోన్ బల్ల మీద నల్లగా పడి ఉండేది. అది మోగదని తెలిసి కూడా ఆ వేళకి ఆమె చెయ్యి అన్నం మీదకి వెళ్ళేది కాదు.

తగరపువలస ఆవిడ పుస్తకం ఎక్కిస్తుంటే ఒకరోజు, ముద్ర కింద ఏదో రాత కనబడింది. చివరిపేజీలో, మూడో గడి గీత దాటి మూలకి, సన్నగా రాసి ఉంది. సరిగ్గా దానిమీదే తన ఊదారంగు ముద్ర పడింది. పైడితల్లి పుస్తకాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుగుకి ఎదురుగా పెట్టి చదివింది.

'వెళ్ళిపోయాడు. అనుకున్నది నిజమే. అయినా మిషన్ నాదే. ఇవాళ మూడు జాకెట్లు కుట్టాను.'

ఆమె ఆ నాలుగు ముక్కలు మళ్ళీ మళ్ళీ చదివింది. ఇది ఎదురు సాక్ష్యం కాదు. ఆవిడ భయాన్ని కాదనలేదు, పక్కన ఇంకో నిజం తెచ్చి కూర్చోబెట్టింది. ఇలా కూడా గడి నింపొచ్చని మూడువందల తొంభైమూడు పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు. వాళ్ళకి ఆ అవసరం రాలేదు.

సన్యాసిరావుని అప్పటికి మధురవాడలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కి మార్చారు. పొద్దునా సాయంత్రం కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం చేయిస్తారు. పైడితల్లి ప్రతి ఆదివారం వెళ్ళేది. ఆమె గుమ్మంలో కనబడగానే అన్న గోడవైపు తిరిగిపోయేవాడు. ఆమె జావ పట్టిస్తే తాగేవాడు, చూపు మాత్రం గోడమీదే ఉండేది. ఈ జబ్బులో ఇలాగే ఉంటారని నర్సు సర్దిచెప్పింది. అన్న ఫోన్ ఛార్జింగ్ పెట్టి, దిండు కింద, ఎడంచేతి వైపు ఉంచి పైడితల్లి వచ్చేసేది. అది వాడతాడని కాదు. అక్కడ లేకపోతే ఆమెకి ఊపిరాడేది కాదు.

ఆరోవారం, బుధవారం నాడు, వరాహమూర్తి కొత్తపాఠం నేర్చిన చింతగింజని తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. మొదట ఎవరో ఒకరు పెట్టుకుని చూడాలి. ఇష్టం లేకపోతే వద్దని, ఇంకెవరినైనా అడుగుతానని అన్నాడు. పైడితల్లి దాన్ని చెవి వెనక అంటించుకుంది. పరీక్షకోసం ఏదో ఒక దిగులు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆరువారాలుగా ఒకటే ఉంది.

'అన్నయ్య నన్ను క్షమించడు.'

యంత్రం వెచ్చబడింది. ఇదివరకటిలా వెంటనే మాట్లాడలేదు. కిటికీ కింద సముద్రం హోరు వినబడేంతసేపు ఊరుకుంది. ఆ తర్వాత అదే గొంతు, అదే తీరుబడితో అంది:

"నాకు తెలీదు. వెళ్ళి అడగండి."

వరాహమూర్తి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఏమందని అడిగాడు. ఆమె చెప్పలేదు. యంత్రం తీసి ఆయన చేతిలో పెట్టి, సగంరోజు సెలవు కావాలని అడిగి, పొద్దుటి క్యారియర్ విప్పకుండానే కొండ దిగింది.

బస్సులో అన్నీ అనుకుంది. చెవి వెనక ఎవరూ ప్రశ్న వెయ్యలేదు, తనే వేసుకోవాల్సి వచ్చింది. కోపం ఉందనడానికి ఆధారం, గోడ. లేదనడానికి ఆధారం, జావ తాగడం. రెండూ చిన్నవే. అంతకుమించి తనకేమీ తెలీదు. తెలీదన్న మాట ఇంత బరువుగా ఉంటుందని, అయినా మోసుకుని బస్సు దిగొచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది.

నర్సింగ్ హోమ్‌లో భోజనాల వేళ. స్టీలు కంచాల చప్పుడు. ఆదివారం కాకుండా వచ్చిన చెల్లెల్ని చూసి సన్యాసిరావు ఒక్క క్షణం తడబడ్డాడు, తర్వాత గోడవైపు తిరిగాడు. పైడితల్లి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మంగళవారమే అనిపించింది అన్నయ్యా. ఏదో అయ్యిందనే అనిపించింది. బుధవారం బస్సెక్కుదామనుకున్నాను. ఎక్కలేదు." స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. "నామీద కోపంగా ఉందేటి?"

యంత్రం సంగతి చెప్పలేదు. చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. కానీ అది చెబితే సాకు చెప్పినట్టయి, అడిగింది చెడిపోతుందని ఆమెకి తోచింది.

అన్న చాలాసేపు గోడనే చూశాడు. తర్వాత మెడ ఇటు తిప్పాడు. నోరు ఒకపక్కకి జారి ఉంది గానీ కళ్ళు మాత్రం ఎప్పటివే, క్రేన్ మీంచి కిందకి చూసినట్టు సూటిగా చూసే కళ్ళు. ఆమెనే చూస్తూ, మెల్లగా, పొరపాటు పడటానికి వీల్లేకుండా, అవునని తల ఊపాడు.

అనుకున్నది నిజమే. పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పారిపోవాలనిపించింది. పాత చింతగింజ ఉంటే బాగుండునని కూడా అనిపించింది, ఒక్క మాటంటే ఒక్క మాట మెత్తగా చెబుతుందని. కానీ ఆమె లేవలేదు. కోపంగా ఉన్న మనిషి పక్కన కూర్చోవడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. ఆయా వచ్చి పక్కమంచం కంచం తీసుకెళ్ళింది.

కొంతసేపటికి సన్యాసిరావు ఎడంచెయ్యి కదిలింది. దిండు కిందకి వెళ్ళింది, తడుముకుంది, ఫోన్ బయటికి తీసింది. బొటనవేలు ఒకసారి జారింది, ఇంకోసారి జారింది. పైడితల్లి సాయం చెయ్యబోతే ఆ చెయ్యి విసురుగా పక్కకి జరిగింది. మూడోసారి నొక్కింది.

ఆమె సంచిలో ఫోన్ మోగింది. గోడ గడియారంలో ఒంటిగంట దాటి ఐదు నిమిషాలైంది.

ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని చూస్తూ ఉండిపోయింది. అన్నయ్య అని పేరు వెలుగుతోంది. ఎత్తకూడదు. పదకొండేళ్ళుగా ఎత్తలేదు. మూరెడు దూరంలో అన్న కోపంగా ఆమెని చూస్తున్నాడు, ఫోన్ మాత్రం కట్టెయ్యలేదు.

సాయంత్రం భీమిలి బస్సులో పైడితల్లి సంచిలోంచి కొత్త నోటుపుస్తకం తీసింది. అట్టమీద నాలుగువందల పదమూడు అని అంకె వేసింది. బస్సు కుదుపులకి గడులు వంకర వచ్చాయి, ఆమె గీసినవాటిల్లో వంకర వచ్చినవి అవే. జరిగింది రాసింది. అనిపించింది రాసింది. మూడో గడి దగ్గర చాలాసేపు ఆగింది, కండక్టరు వచ్చి టికెట్ అడిగి వెళ్ళాడు. తర్వాత రాసింది.

'కోపం నిజమే. అయినా ఫోన్ చేశాడు. ఎత్తాను.'